అంతా పెప్టైడ్ పనే

తిరుపతిలో జంతుశాస్త్రం చెప్పే శఠగోపం గారికి ఒకటే జబ్బు. మంచి జరిగినా చెడు జరిగినా మనిషిని మెచ్చుకోరు, తిట్టరు. అంతా మెదడులో పుట్టే పెప్టైడ్లనే రసాయనాల ఖాతాలో వేసేస్తారు.

భార్య రంగనాయకి పులిహోర పెట్టి "ఎట్లుండాది?" అంటే, "మిరపకాయ మండింది. ఆ మంటకు మెదడు ఎండార్ఫిన్ అనే పెప్టైడ్ వదిలినాది. అందుకే హాయిగా ఉండాది" అంటారు. పొయ్యి దగ్గర మాడిన తన ఊసే లేదని ఆమెకు ఒళ్లు మండేది.

"రేపు ఆ ఎండార్ఫిన్నే వంట చెయ్యమనండి!"

తిరుమల కొండ మెట్లెక్కి వచ్చిన పక్కింటి శాంతయ్య, "స్వామి దయ, మోకాళ్ల నొప్పి మాయమైనాదప్పా" అంటే, "స్వామి దయే. కాకపోతే ఎండార్ఫిన్ చేతుల మీదుగా వచ్చినాది" అన్నారు.

ఎనభై మూడేళ్ల వయసులోనూ వీధికి పాలు పోసే కుప్పమ్మ ఆవుకు దూడ చచ్చిపోయింది. ఆవు చేపడం మానేసింది. పొదుగు నిండుగా ఉన్నా చుక్క దిగదు.

"సంతకు తోలేస్తానమ్మా. దాని కండ్లు సూస్తే పాణం పోతాది. కానీ మనవళ్లకు కూడెట్ల పెట్టేది?" అని కుప్పమ్మ వాకిట్లో కూలబడి ఏడ్చింది.

శఠగోపం గారు తీరుబడిగా తల పంకించారు. "ఆవు తప్పేమీ లేదమ్మా. దూడ వాసన తగల్లేదు. ఆక్సిటోసిన్ అనే పెప్టైడ్ ఊరలేదు, అంతే."

ఆడమనిషి కడుపు కాలి ఏడుస్తుంటే పాఠమా! రంగనాయకికి ఆయన్ను గరిటెతో కొట్టాలనిపించింది.

మర్నాటి నుంచి ఆయన తెల్లారకముందే మాయం. తిరిగొచ్చేసరికి ఒంటినిండా పేడ కంపు, పిలక అట్టకట్టి ఉండేది. అడిగితే "వాకింగ్" అనేవారు. ఒకనాడు రంగనాయకి అనుమానంతో వెనకే నడిచింది.

కుప్పమ్మ కొట్టంలో, చచ్చిన దూడ పడుకున్న గోనెపట్ట కప్పుకుని భర్తగారు చేతులు నేలకానించి వంగి ఉన్నారు. ఆవు ఆయన తలను, నామంతో సహా, ప్రేమగా నాకుతోంది. పొదుగు దగ్గర కుప్పమ్మ చెంబులో సర్రుసర్రుమని పాలు పడుతున్నాయి.

"నీ రుణం ఎట్ల తీర్చుకునేది సామీ!"

"నాదేముండాది? అంతా ఆక్సిటోసిన్ పని. దండం పెడితే దానికి పెట్టుకో."

రంగనాయకికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. చేసిన మేలును పెప్టైడ్ మీదికి తోసేసి, ఎవరి నెత్తినా రుణం పెట్టని మనిషి! ఇన్నేళ్లూ తెలుసుకోలేకపోయానే అనుకుంది.

ఇంటికొచ్చాక ఆయన నెత్తిన వేన్నీళ్లు పోస్తూ, "ఈ పొద్దు మీ మీద శానా ప్రేమగా ఉండాది" అంది.

"అది ఆక్సిటో..."

చెంబుడు నీళ్లు నోటి మీదే పడ్డాయి.

"ఇది మాత్రం నా పని" అంది రంగనాయకి.

శఠగోపం గారు ఇంకో చెంబుకు తల వంచారు.