హ్వేథో పెదనాన్న గడ్డి పరీక్ష

హ్వేథో పెదనాన్నకి ఒకటే జబ్బు. ఏ ఇద్దరు కంటబడినా, వాళ్ళలో ఎవరు మామిడిచెట్టో ఎవరు డ్రాగన్‌గడ్డో తేల్చందే ఆయనకి ముద్ద దిగదు.

మామిడి సంగతి సరే, మా కొండల్లో అందరి బతుకూ దాని మీదే. డ్రాగన్‌గడ్డి అంటే జానెడైనా ఎదగని గడ్డి. నీడపట్టున గుబురుగా అల్లుకుంటుంది, ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటుంది. గుళ్ళలో మెట్ల పక్కన వేస్తారు. తోటలో దాన్ని పెంచిన రైతు మా ఊళ్ళో పెదనాన్న ఒక్కడే. మామిడిచెట్ల కింద వరసలుగా వేసి, దానివల్ల కాయ తీపెక్కుతుందా అని ఏటా పరీక్ష పెట్టేవాడు.

"మామిడి కాస్తుంది, పదిమందీ పొగుడుతారు, తుపానొస్తే ముందు అదే కూలుతుంది. గడ్డి కాయదు, ఎవరూ చూడరు, తొక్కినా పడి ఉంటుంది. ఏది గొప్ప?" అనేవాడు.

"ఏది పెదనాన్నా?"

"తెలిస్తే పరీక్ష ఎందుకురా? ఇంకా తేలలేదు."

పెళ్ళికి పిలిస్తే గ్లాసు పట్టుకుని తిన్నగా వధూవరుల దగ్గరికి వెళ్ళి, "పిల్లాడు మామిడి, పిల్ల గడ్డి" అని తీర్పు చెప్పి వచ్చేవాడు. ఒకసారి పెళ్ళికూతురి తల్లి ఆయన ముందు పెట్టిన చేప పళ్ళేన్ని తీసుకుపోయి పక్క బల్ల మీద పెట్టింది. గుళ్ళో సముద్రాన్ని కాచే మాజూ అమ్మవారు మామిడి, మూలన ఉన్న భూమిదేవుడు గడ్డి. పూజారి విని చెవులు మూసుకున్నాడు. తన మూత్రపిండాల్లో ఒకటి బలహీనంగా ఉందని డాక్టరు చెబితే, "కుడిది మామిడి, ఎడమది గడ్డి. మీరు ఎడమదాన్ని నమ్ముకోండి" అని ఆయనకే ధైర్యం చెప్పి వచ్చాడు.

మా పాత ఊరిపెద్ద పోయినప్పుడు శవపేటిక పక్కనే నిలబడి, "వదినా, మామిడి కూలింది. గడ్డి మిగిలింది" అన్నాడు. కొడుకులు వచ్చి చెరో రెక్కా పట్టుకున్నారు. అప్పటిదాకా గుండెలు బాదుకుంటున్న ముసలావిడ టక్కున ఏడుపు ఆపింది.

"నేను గడ్డినా? నలభై ఏళ్ళు నా నీడన బతికింది ఆయన!"

"అయితే రాసుకోవాలి" అంటూ జేబులోంచి పుస్తకం తీశాడు పెదనాన్న. ఆయన్ని బయటికి ఈడ్చుకెళ్ళిన వాళ్ళలో నేనూ ఉన్నాను. వీధి మలుపు దాకా నవ్వుతూనే ఉన్నాను.

ఆ నవ్వు ఎక్కువ కాలం నిలవలేదు. ఆ ఏడు ఆగస్టు తుపానుకి మూడు రోజులు ఏకధారగా వాన పడింది. నాలుగో రోజు పొద్దున వెళ్ళి చూస్తే మా మామిడితోట లేదు. చెట్లు కూలడం కాదు, కొండవాలుకి కొండవాలే జారి వాగులో కలిసిపోయింది. మా నాన్న చేత్తో పెట్టిన చెట్లు. ఆకు కూడా మిగల్లేదు.

నేను మంచం ఎక్కాను. చుట్టాలు బియ్యం తెచ్చారు, కూరలు తెచ్చారు. తెచ్చిన ప్రతివాడి మొహం మీదా తలుపు వేశాను. ఎండుచేపలు తెచ్చిన మా మేనమామని అయితే నోటికొచ్చినట్టు తిట్టాను. నా భార్య చుయ్‌గ్వాత్ పక్క ఊళ్ళో కూలికి వెళ్ళి వచ్చి, వండి, గిన్నె నా పక్కన పెట్టి, మాట్లాడకుండా వెళ్ళి పడుకునేది. నేనూ మాట్లాడేవాణ్ణి కాదు. అక్టోబరు వచ్చేసరికి మాట్లాడటం ఎలాగో కూడా మరిచిపోయినట్టుంది.

అప్పుడొచ్చాడు పెదనాన్న. చేతిలో ఏమీ లేదు. ముక్కాలిపీట లాక్కుని కూర్చుని నన్నూ చుయ్‌గ్వాత్‌నీ మార్చి మార్చి చూశాడు.

"మీ ఇద్దరిలో ఎవరు మామిడిరా?"

చుయ్‌గ్వాత్ చీపురు అందుకుంది. "పెదనాన్నా, పెద్దవారని ఊరుకుంటున్నాను."

"ఊరుకోకమ్మా, చెప్పు. సరే, బున్‌హోక్, నీతో పనుంది. పరీక్షకి గడ్డి నాటేవాడు కావాలి. పోయినేడు నాటినవాడు పనికిమాలినవాడు. నీకు ఎలాగూ తోట లేదుగా, ఖాళీగానే ఉన్నావు."

రెండు నెలల్లో ఆ మాట నా మొహాన అన్నవాడు లేడు. ఒళ్ళు మండిపోయింది. "మీ గడ్డి మీరే నాటుకోండి!" అని అరిచాను. అరిచాక తెలిసింది, మంచం మీంచి లేచి నిలబడి ఉన్నానని.

"రేపు ఆరింటికి రా" అని ఆయన వెళ్ళిపోయాడు. వెళ్ళి నాలుగు దులిపి వద్దామని వెళ్ళాను. మూడు నెలలు ఉండిపోయాను.

అలాంటి యజమాని శత్రువుకి కూడా వద్దు. ఒక్కో పిలకకీ మధ్య సరిగ్గా ఒక చాప్‌స్టిక్ ఎడం ఉండాలి. వెనకే వంగి కొలిచేవాడు. "ఇది చాప్‌స్టిక్కా, టెలిఫోను స్తంభమా? పీకు!" పీకేవాణ్ణి. మళ్ళీ నాటేవాణ్ణి. రాత్రి ఇంటికొచ్చి చుయ్‌గ్వాత్‌తో మొదటిసారి మాట్లాడింది కూడా ఆయన్ని తిట్టడానికే.

"ముసలాడికి పిచ్చి ముదిరింది. ఇవాళ నలభై పిలకలు పీకించాడు."

"నలభయ్యా?" అంది. తర్వాత, "ఏమన్నాడేంటి?" అంది. అలా మొదలైన మాట అర్ధగంట సాగింది.

మధ్యాహ్నం భోజనం ఆయన భార్య బోంగ్‌చీ పెద్దమ్మ పెట్టేది. గంజన్నం, ఎండుముల్లంగి వేసిన గుడ్డట్టు. పనివాడికి పెట్టే తిండి కాబట్టి తిన్నాను. దానమైతే ముట్టేవాణ్ణి కాదు.

జూన్‌లో కాయ దిగాక పరీక్ష ఫలితం. పెదనాన్న కొత్త ఊరిపెద్ద కళ్ళకి తువ్వాలు కట్టి, గడ్డి వేసిన వరసలోది ఒక ముక్క, వట్టి నేల వరసలోది ఒక ముక్క నోట్లో పెట్టాడు.

"ఏది తీపి?"

"రెండూ తీపే హ్వేథో అన్నా."

"సరిగ్గా నమలవయ్యా!"

"రెండూ ఒకటే!"

"తేలలేదు" అన్నాడు పెదనాన్న గంభీరంగా. "వచ్చే ఏడు మళ్ళీ చెయ్యాలి." అది ఇరవై రెండో ఏడు.

అప్పటికి నేను వాగు కింద చిన్న తోట కౌలుకి తీసుకున్నాను. పనిలో పడ్డాను. మళ్ళీ శీతాకాలంలో ఒకరోజు అటుగా వెళుతూ చూస్తే, నేను నాటిన వరసలన్నీ తవ్వి పారేసి ఉన్నాయి! చిన్‌హాయ్ అనేవాడు ఆ గడ్డినే తీసుకెళ్ళి తోటకి అవతలి కొసన నాటుతున్నాడు. బజారులో భార్యతో కలిసి సోయాపాల దుకాణం నడిపేవాడు. వేసవిలో భార్య పోయింది. దుకాణం మూసేశాడు, నోరూ మూసేశాడు.

"పెదనాన్నా! నా నడుం విరిగేలా నాటానే అదంతా!"

"పడమర నాటావు. ఇప్పుడు తూర్పు చూడాలి."

"మీకు నిజంగానే పిచ్చి! ఊరంతా అంటే నమ్మలేదు!" అని కేకలు వేసి, తిన్నగా వంటింట్లోకి వెళ్ళి పెద్దమ్మ మీద పడ్డాను. "ఆయనకి ఎవరూ చెప్పరా, గడ్డి వల్ల కాయకి ఒరిగేదేం లేదని?"

"వ్యవసాయాఫీసువాళ్ళు పదిహేనేళ్ళ కిందే కాగితం రాసిచ్చారు" అంది పెద్దమ్మ, ముల్లంగి తరుగుతూ. "ఆయనకి తెలుసు. అసలా గడ్డంటేనే ఆయనకి పడదు. పాములు చేరతాయని భయం. ఎండాకాలంలో కూడా మోకాళ్ళ దాకా బూట్లు ఎందుకు వేస్తాడనుకున్నావు?"

నేను కిటికీలోంచి ఆయన బూట్ల వైపు చూశాను.

"ఆయనకో అన్న ఉండేవాడు. నువ్వెరగవు. నీలాగే అంతా పోగొట్టుకున్నాడు. ఈయన బియ్యం బస్తా తీసుకెళ్ళి గుమ్మంలో పెట్టి వచ్చాడు. మర్నాడు వెళితే బస్తా అలాగే ఉంది. మనిషి మాత్రం లోపల దూలానికి వేలాడుతున్నాడు." కత్తి ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది. "అప్పట్నుంచీ ఎవరికీ బియ్యం ఇవ్వలేదు. ఎంత చేసినా అయిపోని పని ఒకటి కావాలన్నాడు. గుళ్ళో ఆ గడ్డి పీకి పారేస్తుంటే తెచ్చుకున్నాడు."

"మరి ఆ పెళ్ళిళ్ళలో, చావుల్లో ఆ వాగుడంతా?"

"మామూలు మనిషి పిలిచి పనిస్తే జాలిపడ్డాడని తెలిసిపోదూ? పిచ్చివాడి దగ్గర పని చెయ్యడానికి సిగ్గేముంది, వాడి ఖర్మ అనుకుంటారు. నమ్మించడానికని మొదలెట్టాడు. ఇప్పుడు అలవాటైపోయి నిద్రలో కూడా అదే. మొన్న రాత్రి నా రెండు కాళ్ళకీ తీర్పు చెప్పాడు."

నేను మెల్లగా తోటలోకి వెళ్ళాను. దండం పెడితే తరిమి కొడతాడు. చిన్‌హాయ్ తల వంచుకుని నాటుతున్నాడు. వాడి భుజాలు చూస్తే అవి పోయినేటి నా భుజాలే.

"పెదనాన్నా, ఆలోచిస్తే తూర్పే సరైంది" అన్నాను గట్టిగా. "కానీ పనివాణ్ణి చూసి పెట్టుకోవద్దూ? ఇదేం నాటు? తాగినవాడు నడిచినట్టుంది వరస."

పెదనాన్న నా వైపు అనుమానంగా చూశాడు. తర్వాత వరస చూసి తల అడ్డంగా ఊపి, "నిజమేరా బున్‌హోక్. నువ్వు నాటినట్టు లేదు" అన్నాడు.

చిన్‌హాయ్ చేతులు ఆగిపోయాయి. బురద చేతులతో లేచి నిలబడ్డాడు.

"ఏంటి, ఈయన నాటినట్టా?" గొంతు తుప్పు పట్టిన గేటులా కిర్రుమంది. "పొద్దుట్నుంచి ఈయన నాటిందే తవ్వుతున్నాను. సగం పిలకలు తలకిందులుగా పాతాడు! వీడూ ఒక మనిషే, వీడిదీ ఒక నాటే! రండి, చూపిస్తాను రండి!"

చూపించాడు. ఒక్కో గుంటే చూపిస్తూ నన్ను, నా వంశాన్ని, చివరికి నా చాప్‌స్టిక్కుల్ని కూడా తిట్టాడు. పెదనాన్న మధ్యలో నిలబడి ఇద్దర్నీ ఎగదోశాడు.

బోంగ్‌చీ పెద్దమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. నేను చెమట తుడుచుకుంటూ దగ్గరికి వెళ్ళాను.

"మాట్లాడాడా?" అంది గొంతు తగ్గించి.

"తిట్టాడు."

"బాగా తిట్టాడా?"

"మా తాతముత్తాతల దాకా వెళ్ళాడు పెద్దమ్మా."

"అయితే ఆకలేస్తుంది వాడికి" అని, ఇంకో రెండు గుడ్లు కొట్టడానికి లోపలికి వెళ్ళింది.