లంగరు కింద చీటీ

మా ఆఫీసుకి రాకముందు బు హస్తుతి పద్దెనిమిదేళ్ళు నర్సరీ పిల్లలకి టీచరు. బంతుల్‌లో ఆ బడి మూతపడ్డాక జోగ్జా నగరానికి వచ్చి మా కంపెనీలో హాజరు పుస్తకం, కాగితాలు, టీపొడి చూసుకునే పనిలో చేరింది. మేం తొమ్మిదిమందిమి. పెద్దావిడని బు అని, పెద్దాయన్ని పాక్ అని, అన్న వరసవాళ్ళని మాస్ అని పిలుచుకుంటాం. పల్లె ఆస్పత్రుల్లో రోగులకి టోకెన్లిచ్చే యాప్ తయారుచేస్తాం. కొత్త రిలీజ్ ఇవ్వాల్సిన ప్రతిసారీ రెండు రోజులు ఆలస్యం చేస్తాం. ఈ రెండో విషయంలో మాకు ఒక్కసారి కూడా గురి తప్పలేదు.

మా పనికి డబ్బు పెట్టే సింగపూర్ వాళ్ళు ఒక షరతు పెట్టారు. రెండు వారాలకోసారి, శుక్రవారం మధ్యాహ్నం, అందరూ కూర్చుని చేసిన పనిలో ఏది బాగా జరిగిందో, ఏది అడ్డుపడిందో మాట్లాడుకోవాలి. దానిపేరు రెట్రో. దాన్ని నడపడానికి ఒక మనిషి ఉండాలి, ఆ మనిషి జీతం వాళ్ళే ఇస్తారు. మా యజమాని పాక్ హర్గొనో అందరి మొహాలూ చూశాడు. అందరం కంప్యూటర్లలోకి చూశాం.

"బు, మీరు పిల్లలతో వేగినవారు కదా, మీరే చూడండి," అన్నాడు.

మాలో ఎవరికీ కోపం రాలేదు.

బు హస్తుతి ఆ పని ప్రాణంపెట్టి చేసింది. గోడకి పెద్ద కాగితం అంటించి తెరచాప పడవ గీసింది. పడవని తోసిన గాలి ఏమిటో పసుపు చీటీల మీద రాసి పైన అంటించాలి. పడవని పట్టి ఆపిన లంగరు ఏమిటో నీలం చీటీల మీద రాసి కింద అంటించాలి. చివర్లో ముఖ్యమైన దాని పక్కన అందరూ చుక్కలు పెట్టి ఓటెయ్యాలి. మొదలుపెట్టేముందు, పులియబెట్టిన సోయాగింజల టెంపే బజ్జీలు. ఆ తర్వాత ఒక్కొక్కరూ తమ మనసులో ఆ రోజు వాతావరణం ఎలా ఉందో చెప్పాలి. పాక్ హర్గొనో ప్రతిసారీ "పాక్షికంగా మేఘావృతం" అనేవాడు. ఇంట్లో ఏం జరుగుతోందని మేం అడగలేదు.

ప్రతి చీటీనీ ఆమె గొంతెత్తి చదివేది. "ఎవరు రాశారో గానీ ఎంత బాగా రాశారో," అని చప్పట్లు కొట్టేది. ఆమె పెట్టిన మొదటి నియమం, ఎవరూ మనసు నొచ్చుకుని ఇంటికి వెళ్ళకూడదు. ఆ నియమం మాకు కొత్త కాదు. పుట్టినప్పటినుంచీ పాటిస్తున్నదే. ఎదుటివాడి తప్పు మొహం మీద చెప్పే మనిషి మా వైపు సులభంగా దొరకడు. నాకు కోపం ఎక్కువని మా అమ్మ అంటుంది. అది కూడా నేను పక్కగదిలో ఉన్నప్పుడే అంటుంది.

దాంతో పదకొండు రెట్రోల్లో పైన గాలి ఈదురుగాలైంది, ఒక్కో రెట్రోకి నలభై చీటీలు. కింద లంగరు దగ్గర ఖాళీ. ఒకసారి మాత్రం ఎవరో "వాన" అని రాశారు. అందరం సంతోషంగా దానికే చుక్కలు పెట్టాం.

పన్నెండో రెట్రో ముందు సోమవారం సింగపూర్ వాళ్ళ తరఫున టియో మేడమ్ మెయిల్ రాసింది. పదకొండు ఆలస్యాలు, పదకొండు నివేదికల్లో అడ్డంకి ఒక్కటే, వాన. ఈ శుక్రవారం కూడా కారణం తేలకపోతే ఈ సమావేశం అనవసరం, దాన్ని నడిపే ఉద్యోగమూ అనవసరం. బు హస్తుతికి నలభై తొమ్మిదేళ్ళు. హాజరు ఇప్పుడు వేలిముద్ర మిషన్ తీసుకుంటోంది కాబట్టి పాత పనికి పోయే దారి లేదు. ఈ సంగతి మాకు చెప్పి, ఆమెకి చెప్పలేక పాక్ హర్గొనో ఆ మెయిల్‌ని ప్రింట్ కొట్టి ప్రింటర్లోనే వదిలేశాడు. ప్రింటర్లో కాగితాలు పెట్టేది ఆమే. చదివింది, మడిచింది, సంచీలో పెట్టుకుంది, మాకందరికీ టీ పోసింది.

శుక్రవారం ఆమె వాతావరణం అడగలేదు. ఒక కుర్చీ తెచ్చి గోడకేసి తిప్పి పెట్టింది.

"మీరు బయట టీ బండి దగ్గర మాట్లాడుకోవడం నేను రోజూ వింటాను," అంది. "అక్కడ లేనివాళ్ళ గురించి ఎంత వివరంగా మాట్లాడతారో. ఆ తెలివి నాకు ఇక్కడ కావాలి. ఈ కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఇక్కడ లేనట్టే లెక్క. ఎవరు కూర్చుంటారు?"

ఎవరూ లేవలేదు. ఆమే వెళ్ళి గోడవైపు తిరిగి కూర్చుంది, ఒళ్ళో నీలం చీటీల కట్ట పెట్టుకుని.

"నేను బజారుకెళ్ళాను. మీరు కానివ్వండి."

పాక్ హర్గొనో గొంతు తగ్గించి నన్ను అడిగాడు. "ఎంతసేపట్లో వస్తుంది?"

"పావుగంట పడుతుంది," అంది కుర్చీలోంచి. "దారిలో రద్దీగా ఉంది."

మా సీనియర్ ప్రోగ్రామర్ మాస్ ప్రిహంతో దగ్గాడు. "మంచావిడ," అన్నాడు. చాలా మంచావిడ అని ఇద్దరు బలపరిచారు. బజ్జీలు కూడా బాగా వేస్తుందని ఇంకొకరు కలిపారు. ఈ లెక్కన ఆమె ఉద్యోగం మా పొగడ్తల మధ్యే పోయేలా ఉంది. నాకు ఒళ్ళు మండింది.

"మంచిదే," అన్నాను. "ఆ మంచితనంతోనే చస్తున్నాం. మనిషికి ఐదు చీటీలు రాయాలి, ఏ ఒక్కదానికీ ఎవరూ నొచ్చుకోకూడదు. బుధవారం నుంచీ అందరం ఇదే పని. మాస్, మీరైతే పోయినసారి పసుపు చీటీల్లో ఎవరికి థాంక్సులు తక్కువొచ్చాయో పట్టిక వేసుకుని మరీ పంచుతున్నారు. బుధ, గురువారాలు దీనికే పోతున్నాయి. ఆ రెండు రోజులే మన ఆలస్యం. సింగపూర్ వాళ్ళు వెతుకుతున్నది ఇదే."

మాస్ ప్రిహంతో నేలకేసి చూస్తూ, "పట్టిక పెద్ద పనేం కాదు," అన్నాడు. "ఒకటిన్నర రోజు."

నేను ఆమె వీపు చూస్తూ మాట్లాడాను. ఆ వీపు కదల్లేదు. అంతకన్నా ఆమె లేచి నన్ను చెంపదెబ్బ కొట్టివుంటే నయమనిపించింది.

ఆమె లేచి ఇటు తిరిగింది. "వచ్చేశాను. ఏమైనా అనుకున్నారా?"

"ఏం లేదు బు," అన్నారు ముగ్గురు ఒకేసారి.

ఆమె చేతిలో రాసిన నీలం చీటీ ఉంది. ఎప్పటి గొంతుతోనే చదివింది. "రెట్రో చీటీల కోసం ప్రతిసారీ రెండు రోజులు పోతున్నాయి. కారణం, హస్తుతి." ఊపిరి తీసుకుంది. "ఎవరు రాశారో గానీ బాగా రాశారు," అని తనే చప్పట్లు కొట్టింది. మాలో ఎవరి చేతులూ లేవలేదు. చీటీని లంగరు కింద అంటించింది, ఊడకుండా రెండుసార్లు ఒత్తింది.

"ఫొటో తీసి పంపండి, పాక్. కారణం దొరికింది."

ఆ ఫొటో వెళితే సమావేశమే అడ్డంకని ఆమె చేతిరాతలోనే తేలిపోతుంది. సమావేశం పోతే ఆమె పోతుంది. పాక్ హర్గొనో ఫోన్ ఎత్తాడు, ఎత్తిన చెయ్యి అలాగే ఉంది. అంత పెద్ద కాగితం మీద, ఖాళీ నీలం సముద్రంలో, మా అందరిలో పెద్దావిడ పేరు ఒక్కటే ఉంది.

"ఇలా పంపితే మర్యాదగా ఉండదు," అన్నాడు మాస్ ప్రిహంతో. "ఆవిడొక్కతీ అక్కడ ఉండటం ఏం బావుంటుంది."

అతను ఒక నీలం చీటీ తీసుకుని రాశాడు. పని సగం కూడా కాకుండానే తొంభై శాతం అయిందంటాను, ప్రిహంతో. తీసుకెళ్ళి ఆమె చీటీ పక్కన అంటించాడు. ఇక ఆ ఇద్దరినీ వదిలేసి కూర్చోవడం కుదరదు కదా. నేనూ రాశాను. మాస్ ప్రిహంతో రాసిచ్చిన ప్రోగ్రామ్ పనిచెయ్యదని చెప్పలేక, ఇంకా పరీక్షిస్తున్నానని రోజులు గడుపుతాను, నింగ్‌రుమ్.

అతను అది చదివాడు. "నిజమా నింగ్?"

"నిజమే మాస్."

"ఎప్పటినుంచి?"

"ఏడాదైంది."

"నా పని బావుందనుకున్నానే."

"అలా అనుకుంటున్నారనే చెప్పలేదు."

పాక్ హర్గొనో ఫోన్ జేబులో పెట్టి పెన్ను అడిగాడు. గురువారం సాయంత్రం ఆస్పత్రి వాళ్ళు ఏ మార్పు అడిగినా సరేనంటాను, హర్గొనో. అది చూసి గదిలో ఒక నిట్టూర్పు వినపడింది. ఏడాదిగా టీ బండి దగ్గర మేం చెప్పుకుంటున్నది అదే. ఆ తర్వాత చీటీల కోసం తోపులాట. ఒకరి తప్పు ఒకరు చెప్పమంటే పదకొండు సమావేశాలు మూగబోయినవాళ్ళం, పెద్దావిడకి తోడు నిలబడాల్సి వచ్చేసరికి తిలా పాపం తలా పిడికెడు అని పంచుకున్నాం. మొత్తం ఇరవై మూడు. ఆమె చీటీ ఎక్కడో అడుగున పడిపోయింది. ఆమె వాటిని చదవలేదు. కూర్చుని చున్నీతో కళ్ళు తుడుచుకుంది, మేం అటు చూడనట్టు ఉన్నాం.

ఫొటోకి మంగళవారం జవాబు వచ్చింది. చీటీలు ఆపండి, సమావేశం అరగంట చాలు, ఆ మనిషిని మాత్రం వదులుకోకండి. తర్వాతి రిలీజ్ ఒక్క రోజే ఆలస్యమైంది.

ఆ రిలీజ్ రోజు సాయంత్రం గిన్నెలు కడుగుతూ బు హస్తుతి నన్ను పిలిచింది.

"ఆ రోజు మాట్లాడింది నువ్వే కదా?"

"నేనే బు."

"పదకొండుసార్లు ఊరుకున్నావు. మొదటిసారే చెప్పొచ్చుగా."

"చెబితే మీరు బాధపడతారని."

"బాధపడ్డాను," అంది. "రెండు రోజులు అన్నం సయించలేదు. అయితే ఏమైంది, చచ్చిపోలేదుగా."

కడిగిన గ్లాసు నా చేతికిచ్చి, తుడవమంది.