పై అర పాలది

మొన్న బుధవారం మా అబ్బాయి ఇంట్లో ఓవెన్ బాగుచేయడానికి మెకానిక్ వచ్చాడు. కొడుకూ కోడలూ ఆఫీసులకు వెళ్లారు కనుక టోవా పాయో పేటలోని ఆ ఫ్లాట్‌కు ఆ పూట నేనే కాపలా. ఒకదానిపై ఒకటిగా రెండు అరలున్న ఓవెన్ అది. పై అర తలుపు రబ్బరు అరిగిపోయి వేడి బయటికి వచ్చేస్తోంది. అతను పై తలుపు తెరిచాడు, కింది తలుపు తెరిచాడు, రెండు రబ్బర్లనూ వేలితో నొక్కి చూసి, గొప్ప ఉపాయం తట్టినవాడిలా నవ్వాడు. "ఆంటీ, ఇది ఓల్డ్ మోడల్ లా! పార్ట్ రావాలంటే చాలా వారాలు పడుతుంది. కింద రబ్బరు కొత్తదానిలా ఉంది. తీసి పైన వేసేస్తా, ఈరోజే ఫినిష్." ఈ ఊరివాళ్లు మాట చివర తగిలించే ఆ "లా"తో సహా ఎంత సునాయాసంగా అన్నాడో! "దాని మీద చెయ్యి వేశావంటే ఊరుకోను" అన్నాను. అన్నది తెలుగులోనే అయినా అర్థం నా ముఖంలో దొరికినట్టుంది, స్క్రూడ్రైవర్ సంచిలో పెట్టేసుకున్నాడు.

ఇంట్లోకి వచ్చిన ప్రతి యంత్రం పుట్టుపూర్వోత్తరాలూ రాసి ఉంచడం నా అలవాటు. ఏ దుకాణంలో కొన్నాం, అమ్మినవాడు ఏమేమి వాగ్దానం చేశాడు, వాటిలో ఏవి నీటిమీద రాతలయ్యాయి, అన్నీ ఉంటాయి. ఈ ఓవెన్ సంగతికి మాత్రం పుస్తకం తెరవనక్కరలేదు. దీన్ని ఎంచిన వాళ్లలో నాతోపాటు మా వియ్యపురాలు కూడా ఉంది.

మా కోడలు యూదుల పిల్ల. వాళ్ల పెద్దలు ఏనాడో బాగ్దాదు నుంచి ఈ దీవికి వర్తకానికి వచ్చి ఇక్కడే నిలిచిపోయారు. పెళ్లి నాకూ ఇష్టం లేదు, వియ్యపురాలికీ ఇష్టం లేదు. మొదట్లో మా ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదిరిన విషయం అదొక్కటే. వాళ్ల ఆచారంలో మాంసమూ పాలూ కలవకూడదు. కలిపి తినకపోవడంతో సరిపోదు, వాటికి గిన్నెలు వేరు, గరిటెలు వేరు, వీలైతే పొయ్యీ వేరు. అది పాటించని ఇంట ఆవిడ భోంచేయదు. నేనా, మాంసం ఉడికిన ఇంట మంచినీళ్లు ముట్టనిదాన్ని. మా అత్తగారు మేముండే చోవా చూ కాంగ్ పేట ఫ్లాట్‌లో, అంత ఎత్తున అంతస్తుల మీద కూడా మడి వదల్లేదు. కిటికీ బయట బట్టలారేసే వెదురు గడల్లో ఆవిడ మడిచీరకు గడ వేరు. పొరపాటున దాన్ని తాకి, కట్టుకున్న చీరతోనే రెండోసారి స్నానానికి పోయిన కోడలిని నేను. ఇటువంటి ఇద్దరమ్మల మధ్య పిల్లలు కొత్తగా ఇల్లు కొనుక్కున్నారు. ఆ ఇంట్లో ఏ అమ్మ అయినా ఎప్పటికైనా ఒక్క ముద్ద తింటుందా అన్నది వాళ్ల బెంగ.

"అమ్మా, డబుల్ ఓవెన్ కొంటున్నాం. ఒకటి మీట్‌కి, ఒకటి మిల్క్‌కి" అన్నాడు మా వాడు.

"బాగుంది. నాకు మూడోది లిఫ్టు పక్కన పెట్టిస్తావా?"

"అమ్మా, ప్లీజ్. మా ఇంట్లో ఒక్క పూటైనా తినవా?"

తినే మాట తర్వాత చూద్దామన్నాను. కానీ యంత్రం ఎంపికను అనుభవం లేనివాళ్లకు వదిలేయడం నా స్వభావంలో లేదు కనుక దుకాణానికి మాత్రం వెళ్లాను. వియ్యపురాలు అప్పటికే అక్కడ ఉంది. నెత్తిన టోపీ, మెడలో గొలుసుకు వేలాడే కళ్లజోడు, తనిఖీకి వచ్చిన అధికారిణిలా ఓవెన్ల తలుపులు తెరిచి లోపలికి తల పెట్టి చూస్తోంది. అమ్మే కుర్రవాడు ఉత్సాహంగా ఒకటి చూపించాడు. "చూడండి ఆంటీ, ఈ మధ్య పలక లాగేస్తే రెండు అరలూ ఒకటే అయిపోతాయి. వెరీ కన్వీనియెంట్!"

"నో!" అన్న కేక రెండు గొంతుల్లోంచి ఒకేసారి వెలువడింది. ఆవిడ నన్ను చూసింది, నేను ఆవిడను చూశాను.

కుర్రవాడు తేరుకుని, పలక కదలని మరొకటి చూపించాడు. నేను ఇంటి దగ్గర రాసుకొచ్చిన ప్రశ్న వేశాను. "కింద వండినదాని ఆవిరి ఎటు పోతుంది?" అతను వివరణ పుస్తకం తిరగేశాడు. అంత లావు పుస్తకంలో కేకులు చేసే పద్ధతి ఉంది, గడియారం దిద్దుకునే పద్ధతి ఉంది, ఆవిరి పోయే దారి గురించి మాత్రం ఒక్క వాక్యం లేదు. కొనేవాళ్లు అడగరని కాబోలు ఆ కంపెనీవాళ్ల ధీమా! నేను అక్కడే నా అభిప్రాయం వినిపిస్తూ ఉండగా వియ్యపురాలు కళ్లజోడు తీసి నా వైపు పూర్తిగా తిరిగింది.

"నేను అడగబోయింది అదే. నీకెవరు నేర్పారు?"

"మా అత్తగారు" అన్నాను.

కుర్రవాడు వర్క్‌షాపుకు ఫోను చేసి ఒక్కొక్క మోడల్ పేరే అడుగుతుంటే, మేమిద్దరం కుర్చీలు లాక్కుని కూర్చున్నాం. నేనేం తింటానని ఆవిడ అడిగింది. మాంసం, చేప, గుడ్డు ముట్టను, పాలు పెరుగు నెయ్యి లేకపోతే నాకు భోజనమే కాదు అన్నాను. ఆవిడ నా మోకాలి మీద చరిచింది. "అయితే నువ్వు పుట్టుకతోనే పాలవైపు మనిషివి లా! పై అర పాలది. మాంసం నీడ కూడా దాని మీద పడనివ్వను. నీ కోసం కాదు, నా దేవుడి కోసం. నువ్వు నిశ్చింతగా తిను." నా కోసమని ఉంటే నమ్మేదాన్ని కాదు. మొహమాటానికి పెట్టుకున్న నియమం ఎన్నాళ్లుంటుంది? దేవుడి కోసమన్నది కనుక నమ్మాను.

చివరికి ఏ అర ఆవిరి ఆ అర ముందు నుంచే పోయే మోడల్ ఒకటి దొరికింది. అది పొడుగు కావడంతో గిన్నెలు కడిగే యంత్రానికి చోటు లేకుండా పోయింది. కోడలు గొణిగింది. "కొంటే అదీ రెండు కొనాలి. మీ ఆయనకు రెండు చేతులున్నాయిగా!" అంది వాళ్లమ్మ. మా వాడు నేటికీ చేత్తోనే కడుగుతున్నాడు. నాకేమీ అభ్యంతరం లేదు.

ఆ వంటింట్లో మొదటి వంట మేమిద్దరమే చేశాం. ఆవిడ స్వయంగా పాలు విరగగొట్టి, ఆ ముద్ద కూరిన రొట్టెలు అంచులు మడిచి పై అరలో కాల్చింది. కొరికి చూస్తే కజ్జికాయే, తీపి బదులు ఉప్పు, అంతే. నా దద్దోజనం ఆవిడ రెండోసారి అడిగి వేయించుకుంది. మా అబ్బాయి తన కంచంలో ఏముందో చూసుకోలేదు, మా ఇద్దరి కంచాలే చూస్తూ కూర్చున్నాడు.

ఆపైన ప్రతి శుక్రవారం పొద్దుగూకక ముందే ఆవిడ వచ్చి, కోడీ బియ్యమూ కలిపిన గిన్నెను కింది అరలో సన్నటి సెగ మీద పెట్టేది. పొద్దుగూకితే వాళ్లకు పొయ్యి ముట్టకూడని విశ్రాంతి దినం మొదలు, అందుకే మర్నాడు మధ్యాహ్నం దాకా దాన్ని కదపదు. తర్వాత చేతులు కడుక్కుని నా ఎదుట తోటకూర ముందేసుకుని కూర్చునేది. పురుగు కంట పడకుండా తినేస్తే వాళ్లకు మహాదోషం. ప్రతి ఆకునూ వెలుతురుకు ఎత్తి చూసి, "వదినా, ఇదిగో!" అని విజయగర్వంతో చూపించేది. ఆ పిలుపు నా కోడలు నేర్పింది. నాకంటే నిదానంగా ఆకుకూర బాగుచేసే మనిషిని నా జన్మలో ఆవిడనొక్కదాన్నే చూశాను.

ఆవిడ ఇప్పుడు లేదు. మా వాడు మాంసం తినడు, తన ఒక్కదాని కోసం కోడలు వండుకోదు. కింది అర వాళ్ల పండుగలకు తప్ప వెలగదు.

సాయంత్రం కోడలు రాగానే మెకానిక్ సంగతి చెప్పాను, కొత్త రబ్బరు వచ్చేదాకా ఆగుదామన్నాను. "అమ్మ ఉంటే అతన్ని లిఫ్టు దాకా తరిమేది, అత్తయ్యా!" అని నవ్వి, వంగి కింది తలుపు తెరిచి, ఆ రబ్బరును వేలితో ఒకసారి మెల్లగా నిమిరి మూసేసింది. కాలం గడిచిన గుర్తులు అరిగిపోయిన వాటి మీదే ఉంటాయని ఇన్నాళ్లూ అనుకున్నాను. అరగకుండా ఉండిపోయిన వాటి మీద ఇంకా లోతుగా ఉంటాయని ఆ తలుపు మూసుకున్న చప్పుడుకు తెలిసింది.