ఊరు విడిచినవాళ్ళ పేరు

నా చిన్నప్పుడు మా ఊరికి కొత్తమనిషి ఎవరొచ్చినా, చేతికి మంచినీళ్ళ చెంబు అందేలోపే ఒక ప్రశ్న అందేది: మీ ఇంటిపేరేంది? ఆ జవాబును బట్టి వచ్చినవాడు మంచం మీద కూర్చోవాలా, అరుగు మీద కూర్చోవాలా, వాకిట్లో నిలబడే మాట్లాడాలా అన్నది తేలిపోయేది. ఇప్పుడు నేనుండే నరసరావుపేటలోనూ అడుగుతారు గానీ, కాస్త డొంకతిరుగుడుగా అడుగుతారు. అప్పట్లో ఆ మొహమాటం లేదు.

మా ఇంటిపేరు ఉసిరికపాటి. గురజాల పక్కన మా ఊళ్ళో ఆ పేరున్న ఇళ్ళు నాలుగు. ఈ భూమ్మీద ఉసిరికపాటివారు ఎక్కడున్నా ఒక్క తండ్రి బిడ్డలేనని మా తాతయ్య నమ్మకం. ముఖం ఎరగని ఉసిరికపాటి వాడెవడో వినుకొండ వైపు కన్నుమూస్తే మా ఇంట్లో మైల. ఒక దసరాకి అలాగే కబురొచ్చింది. ఊరంతా పిండివంటలు చేసుకుంటుంటే మా ఇంట్లో మూకుడు పొయ్యి ఎక్కలేదు. ఆ పోయినాయన మీద నాకు ఇప్పటికీ కొంచెం కోపమే.

గోత్రం అనేది ఒకటుందని మాకు పెళ్ళిలో పంతులుగారు అడిగినప్పుడే గుర్తొచ్చేది. సంబంధం కుదరాలన్నా చెడాలన్నా చూసేది ఇంటిపేరే. ఒకే ఇంటిపేరంటే అన్నాచెల్లెళ్ళు. ఆ మాటకి తిరుగులేదు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఈ ఇంటిపేరు మా చిన్నత్త పెళ్ళికి అడ్డం పడింది. చిన్నత్త మా నాన్నకి ఆఖరి చెల్లెలు. సాగర్ కుడికాలువ తవ్వుతున్న రోజులు అవి. ఆ పనుల మీద కృష్ణ అవతలి నుంచి ఒక సూపర్‌వైజర్ వచ్చి మా ఊళ్ళో గది తీసుకుని ఉండేవాడు. నెమ్మదస్తుడు. కాలువ ఎప్పుడు పారుతుందని ఊరివాళ్ళు రోజూ అడిగితే రోజూ ఓపిగ్గా చెప్పేవాడు. మా కులమే. అతనంటే చిన్నత్తకి ఇష్టమని ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. ఏడాది గడిచాక వాళ్ళ నాన్న నది దాటి సంబంధం అడగడానికి వచ్చాడు. మా వాకిట్లో పదిమంది పెద్దలు కూర్చున్నారు. అంతవరకూ ఆ అబ్బాయిని ఊరు ఊరంతా ‘కాలవ సార్’ అనే పిలిచింది గానీ, సర్కారు పని మీద వచ్చిన ఉద్యోగిని అందరినీ అడిగినట్టు ఇంటిపేరు అడగడానికి ఎవరూ సాహసించలేదు. ఆ రోజు అడిగారు. వాళ్ళూ ఉసిరికపాటివారే.

తాతయ్య మంచం మీద నుంచి లేచాడు. "అన్నకీ చెల్లికీ ముడెయ్యమంటారా?" అన్నాడు. అవతలి పెద్దాయన తమ గోత్రం వేరన్నాడు, తమ ఇలవేల్పు ఎల్లమ్మ అని చెప్పబోయాడు. మా ఇలవేల్పు అంకమ్మ. తాతయ్య వినలేదు. వాళ్ళు ముట్టుకోని మజ్జిగ గ్లాసులు అలాగే ఉన్నాయి.

సంబంధం పోతే పోయింది, అంతటితో ఆగలేదు. అన్న వరసైన వాణ్ణి కోరుకుందట అని చిన్నత్తని గురించి బావి దగ్గర అనుకోవడం మొదలుపెట్టారు. తాతయ్య తొందరపడి రొంపిచెర్ల దగ్గర ఒక రెండో పెళ్ళివాణ్ణి చూశాడు. వచ్చే గురువారం తాంబూలాలన్నారు. చిన్నత్త ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. ఆమె రోజూ నాకు జడ వేసేది. ఆ రోజుల్లో జడ ఎంత బిగుతుగా వేసేదంటే కనుబొమలు పైకి లేచి, నేను బళ్ళో పొద్దస్తమానం ఆశ్చర్యపోతున్నట్టు కనిపించేదాన్ని.

అప్పటికే నా కాలికి కట్టు ఉంది. కంది కోసిన చేలో పరుగెత్తితే కొయ్య అరికాల్లో దిగింది. రోజు మార్చి రోజు తాతయ్య నన్ను సైకిల్ మీద గురజాల మిషన్ ఆసుపత్రికి తీసుకెళ్ళేవాడు. అది ఇద్దరు సిస్టర్లు నడిపే రెండు గదుల ఆసుపత్రి. పెద్ద సిస్టరు స్పెయిన్ దేశస్తురాలు. పొడుగ్గా, ఎండకి కమిలిన ఎర్రటి ముఖంతో, పుస్తకాల తెలుగు మాట్లాడేది. చిన్న సిస్టరు ఫిలిప్పీన్స్ నుంచి వచ్చింది. పొట్టిగా, చామనఛాయలో, మన పక్కూరి పిల్లలా ఉండేది. తలుపు మీది బోర్డులో ఇద్దరి పేర్ల చివరా నవర్రో అని ఉండేది. ఇంకేముంది, మావాళ్ళ లెక్కలో వాళ్ళు అక్కాచెల్లెళ్ళు. పెద్ద నవరమ్మ, చిన్న నవరమ్మ అని పేర్లు కూడా పెట్టేశారు. ఒకరు తెలుపు, ఒకరు నలుపు ఎట్లా అయ్యారంటే, తల్లులు వేరై ఉంటారని మా నాయనమ్మే తేల్చేసింది.

ఆ వారంలోనే చిన్న సిస్టరు తండ్రి వాళ్ళ దేశంలో పోయాడని ఉత్తరం వచ్చింది. నాయనమ్మ మాతో బయల్దేరింది. పలకరింపుకి వెళ్ళకపోతే బాగుండదంది. ముందుగా చిన్న సిస్టరు దగ్గర కూర్చుని, ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. భాష తెలియకపోయినా ఇద్దరూ కాసేపు ఏడ్చారు. ఆ తరవాత నాయనమ్మ ఇవతలి గదిలోకి వచ్చి, నా కట్టు విప్పుతున్న పెద్ద సిస్టరుని కూడా పలకరించింది. "నీకూ మైలే గదమ్మా. పదో రోజు తలకి పోసుకునేదాకా ఈ మందులు ముట్టుకోవద్దు. పిల్లకి నేను కడతాలే," అని చెప్పి ఆమె చేతిలోని కట్టుగుడ్డ లాగేసుకుంది.

పెద్ద సిస్టరుకి విషయం అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వలేదు. పక్కగదిలో దుఃఖం ఉంది కదా. కట్టుగుడ్డ మెల్లగా వెనక్కి తీసుకుని, నా కాలు ఒళ్ళో పెట్టుకుని, పని చేస్తూనే చెప్పింది.

నవర్రా అనేది వాళ్ళ దేశంలో ఉత్తరాన కొండల దగ్గర ఒక సీమ. ఆమెది ఆ సీమ కాదు. దక్షిణాన, మాచర్ల ఎండల్లాంటి ఎండలు కాసే ఊరు. ఎన్ని తరాల కిందటో ఆ సీమ నుంచి ఎవరో బతకడానికి దక్షిణానికి దిగారు. వాళ్ళని అక్కడివాళ్ళు ‘నవర్రా మనిషి’ అన్నారు, అదే నవర్రో. ఒక ఊళ్ళో దిగిన కమ్మరివాణ్ణి అలాగే పిలిచారు, ఇంకో ఊళ్ళో దిగిన గొర్రెల కాపరిని అలాగే పిలిచారు. ఆ కమ్మరికీ ఆ కాపరికీ ఏ చుట్టరికమూ లేదు. ఆ తరవాత స్పెయిన్ వాళ్ళు ఓడలెక్కి దేశాల మీద పడ్డారు. వాళ్ళతో పాటే ఆ పేరు మెక్సికోకి వెళ్ళింది, అర్జెంటీనాకి వెళ్ళింది. ఫిలిప్పీన్స్‌ని ఏలిన ఒక దొర అయితే, ఇంటింటికీ ఒక ఇంటిపేరు ఉండాల్సిందేనని హుకుం వేసి, పేర్ల జాబితా రాయించి ఊరూరికీ పంపాడట. అలా చిన్న సిస్టరు ముత్తాతల్లో ఎవరికో ఆ పేరు కాగితం మీద నుంచి వచ్చింది. వాళ్ళలో ఎవరూ స్పెయిన్ మొహం చూడలేదు.

"మా ఇద్దరికీ పేరు ఒకటే అవ్వా. రక్తం వేరు," అంది.

నాయనమ్మకి ఇది అంత రుచించలేదు. "మరి ఆ సీమలో ఉండేవాళ్ళందరికీ ఈ పేరే ఉండాలే?" అని నిలదీసింది.

పెద్ద సిస్టరు కట్టు ముడివేస్తూ, "అక్కడ అందరూ ఆ సీమవాళ్ళే కదా. ఇంక ఎవరిని ఎవరు అలా పిలుస్తారు? బయటికి వచ్చినవాళ్ళకే ఆ పేరు అవసరం," అంది.

తాతయ్య కిటికీ దగ్గర నిలబడి అంతా విన్నాడు. పలకరింపుకి వెళ్ళినవాళ్ళు వస్తామని చెప్పకూడదు కాబట్టి ముగ్గురం మాట్లాడకుండానే బయటికి వచ్చేశాం. దారంతా నాయనమ్మ ఆ దొరని తిడుతూనే ఉంది. ఇంటిపేర్లు పంచిపెట్టడానికి అవేమన్నా ప్రసాదమా అని ఆమె బాధ.

మళ్ళీ కట్టు మార్చాల్సిన రోజు బుధవారం. తెల్లారితే తాంబూలాలు. ఆసుపత్రిలో పని అయిపోయాక తాతయ్య సైకిల్‌ని ఇంటి వైపు తిప్పలేదు. బస్టాండు దగ్గర తెలిసినవాళ్ళ కొట్లో పెట్టి, నన్ను బస్సెక్కించాడు. ఎక్కడికని అడిగితే కూర్చోమన్నాడు. రాజుపాలెం దాటాక ఒక డొంక దగ్గర దిగాం. అక్కడి నుంచి నన్ను భుజం మీద ఎక్కించుకుని రెండు మైళ్ళు నడిచాడు. ఆ దారి ఉసిరికపాడుకి పోతుంది. మా పేరు పుట్టిన ఊరు. అంత పౌరుషంగా ఆ పేరు చెప్పుకునే మనిషి అంతవరకూ ఒక్కసారి కూడా ఆ ఊరు చూడలేదు.

ఊళ్ళో అడుగుపెట్టగానే ఎదురైనవాణ్ణి, ఉసిరికపాటివారి ఇళ్ళు ఎక్కడని అడిగాడు. అతను తెల్లబోయాడు. రెండోవాడు నవ్వాడు. ముగ్గురు నలుగురు పోగయ్యారు. ఆ ఊళ్ళో ఆ ఇంటిపేరున్న ఇల్లు ఒక్కటి కూడా లేదు.

వసారాలో మిరపకాయలకి తొడిమలు తీస్తున్న ఒక ముసలమ్మ మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టింది. తాతయ్య కంటే పదేళ్ళు పెద్దదై ఉంటుంది. "ఎక్కడ ఈ పేరోళ్ళు అని అడుగుతా మీలాంటోళ్ళు అప్పుడప్పుడూ వస్తానే ఉంటారయ్యా," అంది. కరువు పడ్డప్పుడల్లా ఆ ఊరి నుంచి మనుషులు వెళ్ళిపోతూనే ఉన్నారట. కొందరు గురజాల వైపు, కొందరు కృష్ణ దాటి నల్లగొండ వైపు. పోయిన ప్రతివాణ్ణీ, పోయినచోట ఉసిరికపాటోడు అన్నారు. అంకమ్మని కొలిచే ఇళ్ళు పోయాయి, ఎల్లమ్మని కొలిచే ఇళ్ళు పోయాయి. ఒకరింట్లో చావొస్తే ఒకరికి మైల లేదు. వాళ్ళలో వాళ్ళు పిల్లల్ని ఇచ్చిపుచ్చుకున్నవాళ్ళే.

"ఊళ్ళో ఉన్నోణ్ణి ఊరి పేరెట్టి ఎవరు పిలుస్తారయ్యా? పోయినోళ్ళకే ఆ పేరు," అంది.

తాతయ్య ఆమె ఇచ్చిన నీళ్ళు తాగి చాలాసేపు కూర్చున్నాడు. నాకు ఆకలేస్తోంది. ఆ సంగతి చెప్పడానికి కూడా భయమేసింది, ఆయన ముఖం అలా ఉంది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఒక్కసారి మాత్రం, నాతో కాదు, తనలో తాను, ఎల్లమ్మ అని ఆ పెద్దాయన చెప్పబోయాడు కదా అన్నాడు.

పొద్దు వాలకముందే ఊళ్ళో దిగాం. తాతయ్య ఇంటికి రాలేదు. సొసైటీ ముందు టీకొట్టు దగ్గర ఆ వేళకి పెద్దలంతా కూర్చుంటారు, ఆ రోజు మా వాకిట్లో కూర్చున్నవాళ్ళే. నేరుగా అక్కడికి వెళ్ళి, కాలవ సార్ వాళ్ళు మనకి దాయాదులు కారు, నేనన్నది తప్పు అని చెప్పాడు. ఒకాయన, "ఏంది మావా, మొన్న కాదన్నది ఈ నోరే గదా?" అని ఎకసెక్కంగా అన్నాడు. "ఈ నోరే. అప్పుడు తెలవక అన్నది, ఇప్పుడు తెలిసి అంటంది," అన్నాడు తాతయ్య.

నాకు సిగ్గేసింది. ఉన్నమాట చెప్పాలి. ఊళ్ళో ఎవరి తగువైనా మా తాతయ్య మాటతో తెగేది. ఆ మనిషి పదిమందిలో నిలబడి నేనన్నది తప్పు అంటుంటే, రేపటి నుంచి ఆయన్ని ఎవరూ లెక్క చెయ్యరేమో అనిపించింది.

ఇంటికి వచ్చేసరికి చిన్నత్త దొడ్లో గేదె కుడితిలో చిట్టు కలుపుతోంది. తాతయ్య అక్కడికి వెళ్ళి నిలబడ్డాడు. "అమ్మాయ్, తెలవక నిన్ను ఊరి నోట్లో పడేశాను," అన్నాడు. చిన్నత్త చేతుల చిట్టు దులుపుకుంది. అన్నాళ్ళూ రాని ఏడుపు అప్పుడు వచ్చింది ఆమెకి. కొంగుతో ముఖం తుడుచుకుని, "పొద్దుటి నుంచి ఏవన్నా తిన్నావా నాయనా?" అంది.

రొంపిచెర్లకి వద్దని కబురు పోయింది. తెల్లారి తాతయ్య కృష్ణ దాటాడు. కాదన్న ఆడపిల్లవాళ్ళు తిరిగి గడప తొక్కి అడగడం మాలో లేదు. అవతలి పెద్దాయన ఊరికే ఒప్పుకోలేదు. "మీ ఊళ్ళె పదిమంది ముందర కాదంటిరి. మా పదిమంది ముందర గూడ ఒక మాట చెప్పుండ్రి," అన్నాడట. తాతయ్య అక్కడా చెప్పాడు. మూడు చోట్ల చెప్పడంలో దొడ్లో చెప్పడమే కష్టమైందని ఆ తరవాతెప్పుడో నాయనమ్మతో అంటుంటే విన్నాను.

పెళ్ళి ఎండాకాలంలో జరిగింది. సిస్టర్లిద్దరూ వచ్చారు. పుట్టింటి పేరు మారకుండా అత్తారింటికి వెళ్ళిన ఆడపిల్ల మా ఇళ్ళల్లో చిన్నత్త ఒక్కతే. ఊరు తాతయ్యని లెక్క చెయ్యడం మానలేదు. పైగా ఆ తరవాత తగువుల్లో ఆయన తీర్పు చెప్పేముందు, రెండో పక్షాన్ని ఇంకో మాట అడిగేవాడు.

నేను ముప్పయ్యేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పాను. ఇంట్లో కూడా నాది కొంచెం పెద్దనోరే. నిన్న పొద్దున మా కోడలిని ఒక మాట అన్నాను. పనిమనిషి ముందు అన్నాను. సాయంత్రానికి ఆ మాట తప్పని తేలింది. ఈ వయసులో ఇంకా ఎందుకులే, రెండు రోజులు పోతే ఆమే మర్చిపోతుంది అనుకుని కాసేపు టీవీ ముందు కూర్చున్నాను. కూర్చోలేకపోయాను. పనిమనిషి గిన్నెలు తోమడానికి వచ్చేదాకా ఆగి, వంటింట్లోకి వెళ్ళి నిలబడి, కోడలిని పేరు పెట్టి పిలిచి, పొద్దున నేనన్నది తప్పమ్మా అన్నాను. కోడలు పొయ్యి దగ్గర నుంచి ఇటు తిరగలేదు. "కాఫీ పెట్టమంటారా అత్తయ్యా?" అంది.