నీళ్ల గిన్నె ఇమాం బాబాయ్

మా ఇమాం బాబాయ్‌కి ఒకటే జబ్బు. ఎవరింట్లో కరెంటు పొయ్యి ఆపినా, అది చల్లారేదాకా ఆయన అక్కడి నుంచి కదలడు. మాచర్లలో ముప్పై ఐదేళ్లు లైన్‌మ్యాన్‌గా చేసి రిటైరయ్యాక, స్తంభాలు దిగి మా వంటిళ్లలోకి ఎక్కాడు మహానుభావుడు.

మా వీధిలో పదకొండిళ్లలో కరెంటు పొయ్యిలున్నాయి. పొద్దున ఏడింటికి మొదలుపెట్టి పదకొండూ తిరుగుతాడు. మా గుమ్మంలో అడుగుపెడుతూనే నాకు కేక.

"స్వాతీ, పొయ్యి ఆపావా?"

"ఆపాను బాబాయ్."

"ఆపితే చల్లారినట్టేనా? నీళ్ల గిన్నె ఏదీ?"

పొయ్యి ఆపగానే దాని మీద చల్లటి నీళ్ల గిన్నె పెట్టాలి. అదీ ఆయన చట్టం. ఆ గాజు పలక నల్లగా, ఏమీ ఎరగనట్టు కనిపిస్తుంది కదా అని చెయ్యి ఆనిస్తే చర్మం ఊడొస్తుందట. పెనం కాడ గోడవైపు తిరిగి ఉండాలి. తడి చేత్తో స్విచ్ ముట్టకూడదు. కొంగు బొడ్లో దోపుకోవాలి. ఇన్నీ చెప్పి, పీట వేసుకుని పొయ్యికి కాపలా కూర్చుంటాడు. కూర్చున్నాక కాఫీ ఇవ్వక తప్పుతుందా? పదకొండిళ్లకు పదకొండు కాఫీలు!

మా చెల్లెలు శ్రీదివ్య పెళ్లిచూపుల రోజు కూడా వచ్చాడు. పిల్ల తలవంచుకుని కూర్చుంది. నాదెండ్ల నుంచి వచ్చిన పెళ్లివారు ఆస్తిపాస్తుల మాట కదుపుతున్నారు. ఈయన మధ్యలో దూరి, "అమ్మాయ్, నీళ్ల గిన్నె పెట్టావా లేదా?" అని గద్దించాడు. పెళ్లికొడుకు తల్లి అది మా ఇంటి ఆచారం అనుకుంది. ఇప్పుడు నాదెండ్లలో వాళ్లింట్లో పొయ్యి మీద గిన్నె పెట్టి, దానికి పసుపు బొట్లు కూడా పెడుతోంది మహాతల్లి.

"మరి మీ ఇంట్లో ఎట్టా భరిస్తున్నావు పిన్నీ?" అని బాబాయ్ భార్య ముంతాజ్ పిన్నిని అడిగాను.

"మా ఇంట్లో కట్టెల పొయ్యే తల్లీ. ఈయన కాపలా పడలేక కరెంటు పొయ్యి కొననియ్యలా."

పోయిన నెల ఒకరోజు నేను పాఠాలు చెప్పే బడికి ఆలస్యమైపోయి, నాకు ఒళ్లు మండింది. "బాబాయ్, రేపటి నుంచి మా ఇంటికి రావద్దు. నాకు వండుకోవడం వచ్చు," అనేశాను. పోట్లాడతాడనుకున్నాను. ఆయన మొహం చిన్నబోయింది.

"ఒక్క ఇల్లు మానితే కుదరదమ్మా."

"ఏం, ఎందుకు కుదరదు?"

ఆయన గొంతు తగ్గించి పక్కింటి గోడవైపు చూపించాడు. అది పోలేరమ్మత్త ఇల్లు. నాపరాళ్ల క్వారీలో పనిచేసి మానేసి, ఇప్పుడు లారీ డ్రైవర్లకు క్యారేజీలు వండి పంపుతుంది.

"ఆమెకు చూపు సగం పోయింది. రెండేళ్ల కింద ఎండాకాలంలో ఆపిన పొయ్యి మీద చెయ్యి ఆనిచ్చి చానా కాల్చుకుంది. ఇంకోసారి కాలిందంటే పొయ్యి అమ్మేసి, క్రోసూరులో తనింటికి తీసకపోతానని కూతురు గోపిక తెగేసి చెప్పింది. ఆ క్యారేజీలు పోతే పోలేరమ్మ బతుకుద్దా? ఒకరి చేతి కూడు తినే మనిషి కాదు."

"అయితే ఆమె ఒక్కదానికే చెప్పొచ్చుగా?"

"చెప్పి బతకాలా? ‘నాకు కళ్లు కనపడవనేగా వచ్చావు’ అని ఆ గిన్నె నా మొహానే కొట్టుద్ది. అందుకే అందరిళ్లకూ పోతన్నా. ఈదంతా తిడతంటే, ఆమె కూడా అందరితోపాటు తిట్టి గిన్నె పెడతంది."

నాకు తల కొట్టేసినట్టయింది. రెండేళ్లుగా ఈ మనిషిని చాదస్తుడని ఊరంతా నవ్వాం. ఆయన మాత్రం పోలేరమ్మత్త పరువు కాపాడటానికి కడుపునిండా కాఫీలు తాగుతున్నాడు.

మర్నాడు ఏడున్నర దాటినా బాబాయ్ మా గుమ్మం ఎక్కలేదు. నేరుగా పక్కింటికి పోతున్నాడు. నేను వాకిట్లోకి వచ్చి, గోడ అవతలికి వినపడేలా అరిచాను.

"ఏంది బాబాయ్, మా ఇల్లు దాటిపోతన్నావు? మాది పొయ్యి కాదా? మేం కాల్చుకుంటే నీకేం ఫర్వాలేదా?"

ఆయన ఆగిపోయాడు. మీసం కింద నవ్వు దాచుకోవడం కూడా చేతకాలేదు. ఇంతలో గోడ మీదుగా పోలేరమ్మత్త గొంతు ఖణేల్‌మంది.

"ఓ ఇమామన్నా, ముందు ఆ పిల్ల పొయ్యి చూసి రా! పాపం చదువుకుందే గానీ దానికి వంటింటి జాగర్తలు తెలవవు. నాదేముంది, నాకన్నీ తెలుసు. నేనెప్పుడో పెట్టేశా గిన్నె!"