పరుపు మీద మోగిన డ్రమ్ము

వస్తువులన్నీ తమ తమ స్థానాల్లో ఉన్న గదిలోనే మంచి పని జరుగుతుందని నేను ముప్ఫై ఏళ్లు తరగతిలో బోధించాను. ఆ సూత్రం తిరుపతిలో మా ఇంటి ముందుగదిలోనే చెల్లకుండా పోయింది.

ఇంటింటికీ కంప్యూటర్లు వస్తున్న కొత్త రోజులవి. ఒక చిన్న బడిలో పంతులమ్మగా పనిచేస్తున్న మా అమ్మాయి, పిల్లల కోసం ఆరు పాటలు కట్టి, గిటారు వాయిస్తూ పాడి, ఇంట్లోనే రికార్డు చేసింది. డ్రమ్ము మాత్రం కంప్యూటరే వాయించింది. చెన్నైలోని ఒక క్యాసెట్ల సంస్థ వాటిని విని, గిటారు బావిలోంచి వినిపిస్తున్నదనీ, డ్రమ్ము టైపు మిషన్‌లా ఉన్నదనీ, నెలాఖరులోగా సరిచేసి పంపితే మరొక్కసారి వింటామనీ జాబు రాసింది. ఆ ఒక్కసారీ తప్పితే పాటలు మా గోడలు దాటవు. అమ్మాయి రెండు రోజులు సరిగా భోజనం చేయలేదు.

అందుచేత నేను బాధ్యత స్వీకరించాను.

"డ్రమ్ములో తప్పేముంది? ప్రతి దెబ్బా సమానంగా, వేళకు పడుతున్నది కదా?" అన్నాను.

"అదే తప్పు నాయనా. మనిషి కొట్టినట్టు లేదు. నువ్వు హాజరు పిలిచినట్టు ఉండాది."

ఆ వ్యాఖ్యను పక్కన పెట్టి, ముందుగదిని పరీక్ష హాలులాగా సిద్ధం చేశాను. తెరలు, పుస్తకాల బీరువా, మంచాలు, నాలుగు పరుపులు బయటికి పంపించాను. ధ్వనికి ఏదీ అడ్డు ఉండరాదన్నది నా తర్కం. పరుపులు ఎలాగూ బయటికి వచ్చాయి కనుక, వాటిలో గడ్డకట్టిన దూదిని ఏకించడానికి వడమాలపేటలో ఉండే పరుపుల సాయిబుకు కబురు పంపాను. అతను మర్నాడు మొదటి బస్సుకే, దూది ఏకే విల్లు భుజాన వేసుకుని దిగాడు. ఒకే రోజున రెండు పనులు పూర్తవుతున్నందుకు లోలోపల నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఖాళీ గదిలో అమ్మాయి తీగ మీటింది. బావి కాస్తా కల్యాణమండపమైంది.

"గోడలన్నీ తిరిగి పాడతాండాయి నాయనా!" అని తల పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే వరండాలోంచి ధబ్, ధబ్ అని చప్పుడు మొదలైంది. సాయిబు నాలుగో పరుపు కుట్టడం ముగించి, కర్రతో చదును చేస్తున్నాడు. నేను బయటికి వెళ్లాను.

"ఏమప్పా, లోపల రికార్డింగ్ జరుగుతున్నది. కాసేపు కర్ర ఆపుతావా?"

"ఆపితే దూది ఒక పక్కనే గుట్టగా నిలబడిపోతాది అయివోరూ. రేపు నడుము నొప్పంటే మీరు నన్నే తిడతారు."

ఇంతలో హెడ్‌ఫోన్లు మెడలో వేలాడుతుండగా అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "ఆపొద్దన్నా! అదే దెబ్బ, అదే చోట, ఇంకోసారి కొట్టు!"

సాయిబు నా వైపు చూశాడు. "ఒకరు ఆపమంటారు, ఒకరు కొట్టమంటారు. ఈ ఇంట్లో ఎవురి మాట సెల్లుతాది అయివోరూ?"

దానికి జవాబుగా పరుపులు తిరిగి లోపలికి వచ్చాయి. గోడలు మళ్లీ పాడకుండా మూడింటిని వాటికి ఆనించి నిలబెట్టాము. నాలుగోది సాయిబు ముందు పరిచాము. గదిలో నడవడానికి చోటు లేదు. గిటారు రంధ్రానికి ఎదురుగా ఉన్న మైకును అమ్మాయి గిటారు మెడ మీది పన్నెండో మెట్టు దగ్గరికి జరిపింది. ఈసారి తీగ మీటితే, పక్కన ఎవరో కూర్చుని వాయిస్తున్నంత దగ్గరగా వినిపించింది.

"మీ దానికి ఆరు తీగలు, నా విల్లుకు ఒకటే," అన్నాడు సాయిబు ఫ్యాను కింద చెమట తుడుచుకుంటూ. "అందుకే ఇన్నాళ్లూ నన్ను వరండాలో కూర్చోబెట్టినారు."

పెద్ద దెబ్బ పరుపుది. సన్నని దెబ్బ కోసం అమ్మాయి చేటను బోర్లించి, చీపురు పుల్లల కట్ట నా చేతికిచ్చింది. నేను మనసులో ఒకటి, రెండు లెక్కిస్తూ తట్టాను. ఒక్క లెక్క తప్పలేదు.

"నాయనా, నువ్వూ కంప్యూటరువే! లెక్క వద్దు, అన్న కర్ర విను."

విన్నాను. ప్రతి నాలుగో దెబ్బకు ముందు సాయిబు కర్ర పట్టు మార్చుకుంటున్నాడు. ఆ దెబ్బ వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతున్నది. దిద్దవలసిన తప్పుగానే తోచింది. అయినా దాని వెనకే నడిచాను. ఎనిమిదోసారి రికార్డు చేశాక అమ్మాయి హెడ్‌ఫోన్లు తీసి, వంటింట్లోకి వెళ్లి కంచం పెట్టుకుంది.

పాటలు పంపిన నెల తిరగకముందే చెన్నై నుంచి జాబు వచ్చింది. పాటలు తీసుకుంటున్నారు, అట్ట మీద వేయడానికి డ్రమ్ము వాయించినవారి పేరు కావాలట. సాయిబు ఊళ్లోకి వచ్చినప్పుడు అడిగాను.

"నా పేరెందుకు అయివోరూ? పరుపు ఎట్టుండాదో చెప్పండి."

పేరు చెప్పించి రాసుకున్నాను. రాయవలసిన చోట రాయకపోవడం నాకు చేతకాదు. పరుపు బాగానే ఉందన్నాను. అతను నమ్మలేదు. లోపలికి వచ్చి అరచేత్తో నొక్కి చూశాడు.

"యాడ బాగుండాది? ఎనిమిది తూర్లు ఒకే చోట కొట్టి కొట్టి నడిమధ్య గుంత పడిండాది. కర్ర తెచ్చినాను, ఇప్పుడే చదును చేస్తాను."

"ఉండనీ అప్పా," అన్నాను.

మా ఇంట్లో నేను సరిచేయించకుండా వదిలిన వస్తువు అదొక్కటే.