ఊపిరికి ఐదున్నర యూనిట్లు

నాన్నకు ఊపిరితిత్తుల జబ్బు ముదిరాక డాక్టర్ ఇంట్లోనే ఆక్సిజన్ మిషన్ పెట్టుకోమన్నాడు. గాలిలోంచి ఆక్సిజన్‌ను వేరుచేసి, సన్నటి గొట్టం గుండా ముక్కుకు అందించే డబ్బా అది. రోజుకు పదహారు గంటలు తగ్గకూడదని, తగ్గితే గుండె మీద భారం పడుతుందని మరీ మరీ చెప్పాడు. మదీనాగూడలో మేం కిరాయికుండే ఇంట్లో దాన్ని నాన్న మంచం పక్కన పెట్టాం.

అమ్మ మొదటి రోజే అడిగింది. "గిది గిట్ల నడుస్తనే ఉంటె బిల్లు ఎట్ల బిడ్డా?"

నేను చదివింది ఎలక్ట్రికల్, చేసేది సాఫ్ట్‌వేర్. చదివింది ఇంటికి పనికొచ్చే సందర్భం ఇదే మొదలు. లెక్క సులువే. వాట్లను గంటలతో గుణించి వెయ్యితో భాగిస్తే యూనిట్లు. మిషన్ మూడువందల యాభై వాట్లు, పదహారు గంటలు: ఐదున్నర యూనిట్లకు కాస్త పైన. ఇంట్లో మిగతావన్నీ కలిపి రోజుకు కాల్చేది ఇంచుమించు అంతే. అంటే బిల్లు రెట్టింపై, పై శ్లాబులోకి పోతుంది.

మిషన్‌ను తగ్గించలేం కాబట్టి మిగతావాటి మీద పడ్డాను. పాత ఫ్యాన్లు రెండూ తీసేసి, అందులో సగం కూడా కాల్చని కొత్తరకం బిగించాను. గీజర్ వేసి మరిచిపోయే అలవాటు మాన్పించాను. ఫ్రిజ్ దగ్గర మాత్రం అమ్మతో గొడవైంది. రాత్రి పడుకునే ముందు దాన్ని ఆపేయడం ఆమె పద్ధతి.

"అట్ల ఆపితె పెద్దగ మిగలదమ్మా. పొద్దున చల్లబడనీకి మళ్ళ ఎక్కువసేపు తిరుగుతది. పైగ పాలు ఖరాబైతయ్."

"ఇన్నేండ్లు ఖరాబ్ గాని పాలు నీ లెక్కకు ఖరాబైతయా?"

కాగితం మీది వాట్లు వేరు, నిజంగా కాలేది వేరు. ప్లగ్గుకు తగిలించే చిన్న మీటర్ కొని ఒక్కో వస్తువుకూ పెట్టి చూశాను. చివరికి మిషన్ వంతు వచ్చింది. ఒక రోజు పెట్టి చూస్తే నాలుగు యూనిట్లే. మిషన్ తక్కువ లాగుతోందేమోనని అది నడుస్తుండగా చూశాను. వాట్లు సరిగ్గానే ఉన్నాయి. తగ్గింది గంటలు. నేనూ అమ్మా పనికి పోయాక నాన్న దాన్ని ఆపేస్తున్నాడు.

అడిగితే నవ్వాడు. "ఏంది, నా ఊపిరికి గూడ మీటర్ పెట్టినవా?"

గది గదికీ తిరిగి లైట్లు ఆర్పే మనిషి. కరెంటు కోసమే ఆపుతున్నాడనుకున్నాను. ఫ్యాన్లలో ఎంత మిగిలిందో, గీజర్‌లో ఎంత మిగిలిందో విడమరిచి చెప్పాను. బిల్లు ఫికర్ పెట్టుకోవద్దన్నాను. "సరే తియ్" అన్నాడు. మర్నాడు కూడా మీటర్ నాలుగే చూపించింది.

ఆ తర్వాతి రోజు ఇంటి నుంచే పని చేశాను. మధ్యాహ్నం మెట్ల మీద చెప్పుల చప్పుడు వినగానే నాన్న గొట్టం తీసి, మిషన్ ఆపి, దుప్పటి కప్పి హాల్లోకి నడిచాడు. వచ్చినవాళ్ళు ముగ్గురు. ఆఫీసు వాళ్ళను దింపే క్యాబులు నడుపుతారు. ఊపిరి సహకరించినన్నాళ్ళు నాన్న చేసిందీ అదే పని. సాయంత్రం ట్రిప్పులకు ముందు పేకముక్కలు పట్టుకుని పత్తాలాడడానికి వచ్చారు. నాన్న ఒక్కో మాటకు ఆగి గాలి పీల్చుకుంటున్నాడు.

పక్కకు పిలిచి, "ఎందుకు తీసినవ్ నాన్నా?" అన్నాను.

"వాళ్ళ ముందట ముక్కుకు గొట్టం పెట్టుకొని కూసోవాల్నా? పోయి నీ పని చూస్కో."

చాప మీద పత్తాలు కలుపుతున్న, ఆ ముగ్గురిలో పెద్దాయనకు అది వినబడింది. "అన్నా, ఆ డబ్బా ఆటోలకెల్లి దిగిన నాడు మేం కిందనే ఉన్నం. నువ్వే చెప్తవని చూస్తున్నం."

"చెప్పేదేముంది?" అన్నాడు నాన్న.

"దమ్ము ఆడక నిన్న జోకర్‌నే పారేసినవ్ గదా!"

"నువ్వు గెలువాలని పారేసిన్రా."

"ఇగ గెలిచింది సాలు. పెట్టుకో జర."

 నాన్న నన్ను చూసి గది వైపు తల ఊపాడు. ఇద్దరం కలిసి మిషన్‌ను హాల్లోకి నెట్టుకొచ్చాం. మిషన్ ఇచ్చినవాళ్ళు ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టొద్దన్నారు కనుక టీవీ ప్లగ్గు తీసి దీన్ని పెట్టాను. నాన్న ముక్కుకు పెట్టుకుని కూర్చుంటే గొట్టం చాపకు అడ్డంగా పడింది. పెద్దాయన పత్తాలు పంచి, వాటి మీంచి కళ్ళెత్తకుండానే దాన్ని తన మోకాలి అవతలికి జరిపి, "పత్తా దించన్నా, నీదే ఆట" అన్నాడు.